బొమ్మలు కట్టించే చోట ముక్కలే లేవు, కట్టిన బొమ్మనీ ఉంచలేదు

విషయం: ఆదివారం మధ్యాహ్నం స్లాట్‌లో మా కుటుంబానికి ఎదురైన ఇబ్బంది, డబ్బు వాపసు, మీరు చేయాల్సిన మార్పులు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మాల్‌లో పిల్లల చేత ప్లాస్టిక్ బ్లాకులతో బొమ్మలు కట్టించే మీ సెంటర్‌కి ఇంటిల్లిపాదీ వచ్చాం. నేను, మా ఆయన, రెండో తరగతి చదువుతున్న బాబు, రెండున్నరేళ్ల పాప, ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు. జరిగినదంతా ఆ రోజే కౌంటర్ దగ్గర చెప్పాను. "ఫీడ్‌బ్యాక్ ఫారం నింపండి మేడమ్" అని ఒక కాగితం ఇచ్చారు. అందులో ఎన్ని స్టార్లు ఇస్తారన్న ప్రశ్న తప్ప నాలుగు ముక్కలు రాసే జాగా లేదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

ముందు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి చెప్తాను. మా బాబు బ్లాకులతో రెడీమిక్స్ కాంక్రీటు లారీ బొమ్మ కట్టాడు. మియాపూర్‌లో మా ఇంటి ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, రోజూ బాల్కనీలో నిలబడి ఆ లారీ డ్రమ్ము తిరగడం చూస్తుంటాడు కాబట్టి బ్లాకుల టబ్బు ముందు కూర్చోగానే అదే మొదలుపెట్టాడు. డ్రమ్ము కోసం గుండ్రటి ముక్కలు వెతికి, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలోంచి ఇరుసు దూర్చి, వేలితో తోస్తే నిజంగానే తిరిగేలా చేశాడు. స్లాట్ ముగిసే ముందు దాన్ని ర్యాంప్ మీద వదిలి చూద్దామని వాళ్ల నాన్నని పిలుచుకురావడానికి పరిగెత్తాడు, నేను పాపతో పక్క గదిలో ఉన్నాను. వాళ్లిద్దరూ తిరిగొచ్చేసరికి మీ స్టాఫ్ కుర్రాడు టేబుల్ ఖాళీ చేస్తూ లారీని విరిచి ముక్కల్ని టబ్బులో పోసేస్తున్నాడు. బాబు "అన్నా, అది నాది" అన్నాడు. "టైం అయిపోయింది, నెక్స్ట్ బ్యాచ్ వస్తోంది" అన్నది ఆయన జవాబు. ఒక ఫొటో తీసుకునే వీలు కూడా లేకపోయింది.

ముక్కలు మీవే, ఇంటికి ఇవ్వరని మాకు తెలుసు, అది మేం అడగట్లేదు. కానీ పిల్లాడు అంతసేపు కూర్చుని కట్టినదాన్ని వాడి కళ్ల ముందే విరిచేస్తే వాడు అక్కడ నేర్చుకునేది ఏముంటుంది? పది నిమిషాల ముందు బెల్ కొట్టి, "మీ బొమ్మలు తెచ్చి ఇక్కడ పెట్టండి, ఫొటోలు తీసుకోండి, ఇప్పుడు అందరం కలిసి విడదీద్దాం" అంటే ఏ పిల్లాడూ ఏడవడు, విడదీయడం కూడా వాళ్లకి ఆటే. ఆ మాట చెప్పే మనిషి మీ దగ్గర లేరు.

ఇక ముక్కల సంగతి. ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు బ్లాకులు ఆరు ఉంటే 91,51,03,765 రకాలుగా అతకొచ్చని మీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాశారు. అది చదివి బాబు కళ్లు పెద్దవి చేసుకున్నాడు. ఆ లెక్క నిజమే, గణితం వాళ్లు కంప్యూటర్‌తో తేల్చిన అంకె అది. అయితే మా టేబుల్ మీద ఉన్న టబ్బులో సరిగ్గా అతుక్కునే ఎనిమిది బొడిపెల బ్లాకులు ఒకే రంగువి ఆరు దొరకలేదు. నాలుగైదు రకాల కంపెనీల బ్లాకులు కలిసిపోయి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే కొన్ని అసలు దిగవు, కొన్ని దిగుతాయి గానీ ఎత్తగానే ఊడిపోతాయి. లెగో వాళ్లు 1958లో పేటెంట్ తీసుకున్న బ్లాకుకి ఈ రోజు తయారైన బ్లాకు కూడా సరిగ్గా పడుతుందంటే, ఇన్నేళ్లూ ఆ కొలతని వెంట్రుకవాసి కూడా మారనివ్వకపోవడం వల్లే. బ్లాకుల బొమ్మకి ప్రాణం ఆ పట్టులోనే ఉంది. పట్టు లేని ముక్కలు ఇస్తే పిల్లలు తమకే చేతకావట్లేదనుకుంటారు. మా బాబు లారీ క్యాబిన్ మళ్లీ మళ్లీ ఊడిపోతుంటే "నాకు రావట్లేదమ్మా" అన్నాడు. వాడికి రాకపోవడం కాదు, ఆ పసుపు బ్లాకు అడుగున గొట్టం పగిలిపోయి ఉంది, నేను తిప్పి చూపిస్తే గానీ వాడు నమ్మలేదు.

చక్రాల కోసమైతే పెద్ద గొడవే. కారు కట్టి ర్యాంప్ మీద పోటీ పెట్టుకోవచ్చని మీ ప్రకటనలో ఉంది. హాలు నిండా పిల్లలున్నారు, చక్రాలేమో కొద్దిమందికే సరిపోయేన్ని. ముందు బ్యాచ్ పిల్లలు కట్టిన కార్లు విడదీయకుండా టబ్బుల అడుగున పడి ఉన్నాయి, ఇరుసుల మీద పళ్ల గాట్లు ఉన్నాయి, ముక్కలు చేతికి జిగటగా తగులుతున్నాయి. మా బాబుకి మూడు చక్రాలు దొరికాయి, నాలుగోది పక్క టేబుల్ అబ్బాయి దగ్గర రెండు నీలం బ్లాకులు ఇచ్చి తెచ్చుకున్నాడు, అదీ సైజు వేరు. అంతమందికి సమాధానం చెప్పడానికి ఉన్నది ఒక్క అమ్మాయి. పాపం ఆమె నీళ్లు తాగడానికి కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయి మీద గానీ టేబుల్ ఖాళీ చేసిన కుర్రాడి మీద గానీ చర్య తీసుకున్నామని నాకు జవాబు రాయొద్దు. ఆదివారం ఇంతమందికి టికెట్లు అమ్మి ఇద్దరిని పెట్టిన వాళ్లది ఆ తప్పు.

చిన్నపిల్లల గది గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి. చిన్న చేతుల కోసం పెద్ద బ్లాకులు పెట్టారు, మంచిదే. కానీ ఆ పెద్ద బ్లాకుల మధ్య పక్క హాల్లోంచి వచ్చిన చిన్న ముక్కలు పడి ఉన్నాయి. మా పాప ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. ఒక ఎర్రటి గుండ్రటి ముక్క, శనగగింజంత ఉంటుంది, దాని నోట్లోంచి నేనే వేలు పెట్టి తీశాను. నా గుండె జారిపోయింది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు ఉండకూడదని మన బొమ్మల భద్రతా ప్రమాణం చెబుతోంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మీరు కొన్న బ్లాకుల డబ్బాల మీద ఆ మార్కు ఉందా? ఉంటే ఫొటో పంపండి. రెండు గదుల మధ్య తలుపు పెట్టండి, ప్రతి స్లాట్ అయ్యాక చిన్నపిల్లల గది నేలంతా ఒకసారి చూసి ఊడ్పించండి. మిగతావన్నీ ఆలస్యమైనా పర్లేదు, ఈ పని మాత్రం ఈ ఉత్తరం చదివిన రోజే చేయండి.

మా అత్తయ్యగారిది యలమంచిలి. ఏటికొప్పాక అక్కడికి దగ్గరే. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క రంగులు పట్టించడం చిన్నప్పటి నుంచి చూసిన మనిషి, పెళ్లికి తెచ్చుకున్న లక్కపిడతలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. మనవడితో కూర్చుని బొమ్మ కడదామని ఎంతో ఉత్సాహంగా వచ్చారు. ఆవిడకి 350 రూపాయల టికెట్ తీసుకున్నారు, సాక్స్ కొనిపించారు, లోపల మాత్రం పెద్దవాళ్లు కూర్చునే కుర్చీ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పిల్లల ఎత్తు స్టూళ్లే. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి, ఇక నిలబడలేక బయటికి వెళ్లి ఫుడ్ కోర్టులో కూర్చున్నారు. మళ్లీ లోపలికి రాబోతే "రీఎంట్రీ లేదు" అన్నారట. అందుకే లారీ గొడవ జరిగినప్పుడు బాబుని దగ్గరికి తీసుకోవడానికి నానమ్మ లేదు.

డబ్బుల విషయానికొస్తే, యాప్ మొదటి పేజీలో ఇద్దరు పిల్లలకి 1,398 రూపాయలు కనిపించింది. నాన్నమ్మ టికెట్ కలిపితే 1,748 కావాలి. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి మేం అడగని "ఫన్ కిట్" పిల్లలకి తలా 149 చొప్పున ముందే టిక్ పెట్టి ఉంది, పైన కన్వీనియన్స్ ఫీజు 96. మొత్తం 2,142 కట్టాక, సెంటర్ దగ్గర గ్రిప్ సాక్స్ ఐదు జతలు, జత 80, ఇంకో 400. ఫన్ కిట్ అంటే ఒక కాగితం టోపీ, ఒక స్టిక్కర్ల షీటు. ధరని ఇలా కొసరు కొసరుగా బయటపెట్టడం, అడగని వస్తువుని బిల్లులో కలపడం, ఈ రెండూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న నిషేధించిన 13 రకాల మోసపు పద్ధతుల్లో ఉన్నాయి. మీ యాప్ చేసిన వాళ్లకి తెలియకపోతే మీరు చెప్పండి.

నేను అడిగేది ఇది. బాబు టికెట్ 699, అత్తయ్యగారి టికెట్ 350, ఫన్ కిట్లు 298, కన్వీనియన్స్ ఫీజు 96, కలిపి 1,443 రూపాయలు వెనక్కి ఇవ్వండి. సాక్స్ వాడాం, వాటికి అడగను. పాప టికెట్‌కీ అడగట్లేదు, ఆ గది సరిచేయిస్తే చాలు. "మళ్లీ రండి, 20 శాతం తగ్గింపు" అని కూపన్ పంపొద్దు, అది నాకు అక్కర్లేదు. టికెట్ మీద "నాన్ రిఫండబుల్" అని ఉందని జవాబు ఇస్తే నేను ఒప్పుకోను. ఇస్తామన్న సేవ ఇవ్వనప్పుడు ఆ మాట అచ్చువేసుకున్నంత మాత్రాన చెల్లదు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నేను ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

బిల్లు, యాప్ స్క్రీన్‌షాట్లు, పగిలిన బ్లాకు, పాప నోట్లోంచి తీసిన ఎర్ర ముక్క ఫొటోలు దీనితో జత చేశాను. ఫోన్‌లో మాట్లాడిన మాట మీ కాల్ సెంటర్ వాళ్లకి రెండో రోజుకి గుర్తుండట్లేదు కాబట్టి జవాబు మెయిల్‌లోనే, తేదీ వేసి, బాధ్యత ఉన్న వాళ్ల పేరుతో పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్, ఇద్దరు పిల్లల తల్లి
మియాపూర్, హైదరాబాద్