మా హద్దులు పేపర్లో, వాళ్ల లెక్కలు బీరువాలో

ఎడిటర్ గారికి,

బ్యాంకుల మొండి బాకీలు కొనే ఎన్‌ఏఆర్‌సీఎల్ అనే కంపెనీ గురించి పోయిన వారం మీరు వేసిన వార్త చదివి, రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఊగిసలాడాను. అదే పేపర్ వెనక పేజీ చూశాక ఆగలేకపోయాను. అక్కడ ఒక బ్యాంకు స్వాధీన నోటీసు ఉంది. బాకీదారు పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, తూర్పున పక్కవారి ఇల్లు, పడమర రోడ్డు, బాకీ పైసలతో సహా. బాకీ కట్టనివారి ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద ఇలా రెండు పత్రికల్లో వేయాల్సిందే, అందులో ఒకటి స్థానిక భాషలో. అందరికీ అర్థం కావాలి కదా మరి!

మా బావమరిది ఇంటి గోడ మీద కూడా ఓ బ్యాంకు వాళ్లు ఎర్ర రంగుతో రాసిపోయారు. బాకీ మొత్తం కట్టేశాక వాడు రెండు కోటింగులు సున్నం వేయించాడు. వాన పడితే ఆ అక్షరాలు ఇప్పటికీ పైకి తేలతాయి.

పెద్ద బాకీల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి వేరు. ఏ కంపెనీ అప్పు ఎంతకు వదిలేశారని పార్లమెంటులో అడిగితే, ఆర్‌బీఐ చట్టం సెక్షన్ 45ఈ ప్రకారం ఖాతాదారు వివరాలు గోప్యమని జవాబు. మొత్తాలు మాత్రం చదివి కూర్చుంటారు. ఆర్‌బీఐ ఇలా దాచడం కుదరదని సమాచార హక్కు కేసులో 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరికి పట్టింది?

2021లో పెట్టిన ఈ ఎన్‌ఏఆర్‌సీఎల్‌లో 51 శాతం వాటా ప్రభుత్వ రంగ బ్యాంకులదే. బాకీ కొన్నప్పుడు 15 శాతం నగదు ఇస్తుంది, మిగతా 85 శాతానికి, బాకీ వసూలయ్యాక ఇస్తామంటూ సెక్యూరిటీ రిసీట్లనే కాగితాలు ఇస్తుంది. ఆ కాగితాలకు 30,600 కోట్ల దాకా కేంద్రం గ్యారంటీ. అంటే అప్పిచ్చిందీ మన బ్యాంకులే, కొన్నదీ మన కంపెనీయే, జామీను సంతకం మాత్రం మీదీ నాదీ. జామీను పడ్డవాడు లెక్క అడిగితే తప్పా?

ఐర్లండ్‌లో 2009లో ఇలాంటిదే ‘నామా’ పెట్టారు. 74 బిలియన్ యూరోల రియల్ ఎస్టేట్ అప్పుల్ని సుమారు 32 బిలియన్లకు కొన్నది. సర్కారు లెక్కలు చూసే పార్లమెంటు పద్దుల కమిటీ పిలిస్తే సీఈఓ రావాల్సిందేనని చట్టంలోనే రాసుకున్నారు. ఉత్తర ఐర్లండ్ అప్పుల్ని గంపగుత్తగా అమ్మేయడంలో 190 మిలియన్ పౌండ్ల దాకా నష్టం వచ్చి ఉండొచ్చని 2016లో అక్కడి ఆడిటర్ తేల్చారు. నామా ఒప్పుకోలేదు. కమిటీ నామా పెద్దల్ని అందరి ముందూ కూర్చోబెట్టి అడిగింది, జనం టీవీలో చూశారు.

మనకూ పద్దుల కమిటీ ఉంది. 22 మంది సభ్యులు, 1967 నుంచి ప్రతిపక్షం వారే ఛైర్మన్. సమావేశాలు మాత్రం తలుపులు వేసుకునే. బయటికొచ్చేది ఓ లావుపాటి నివేదిక, దానికి ప్రభుత్వం చెప్పే ‘పరిశీలిస్తున్నాం’. ఇక సభలో ప్రశ్నోత్తరాల గంట ఎన్ని రోజులు సజావుగా సాగుతోందో మీ పేపరే రాస్తోంది. జీతాల పెంపు బిల్లు రోజున మాత్రం గొంతులు చక్కగా కలుస్తాయి.

ఎన్‌ఏఆర్‌సీఎల్ పెద్దల్ని కమిటీ ముందుకు పిలవండి, తలుపులు తెరిచి. ఏ ఖాతా ఎంతకు కొన్నారు, ఎంత రాబట్టారు, గ్యారంటీలో ఎంత ఖర్చయింది, ఖాతాల వారీగా చెప్పించండి. వాటినీ రెండు పత్రికల్లో వేయించండి, ఒకటి తెలుగులో. హద్దులు లేకపోయినా సర్దుకుంటాం.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి