స్టోవోకోర్ అంటే వీరస్వర్గం, తాతయ్యా

హిల్స్‌బరో, ఆరెగన్

తాతయ్యకి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని నాన్న చెప్పాడు. నానమ్మని కూడా అడిగి కనుక్కున్నాను. ఫోన్‌లో అయితే సగం మాటలు నీకు వినపడవు, అందుకని ఈ సంగతి కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకో.

పోయిన శనివారం రాత్రి రైలెక్కి పోర్ట్‌లాండ్ వెళ్లి ఒక మెటల్ బ్యాండ్ పాటలు విన్నాను. మెటల్ అంటే గిటార్ల మోత, డ్రమ్ముల హోరు, వాటి మీద ఒక గర్జన. ఈ బ్యాండ్ పేరు స్టోవోకోర్, పోర్ట్‌లాండ్ వాళ్లదే. వీళ్లు వేషాలు కట్టి పాడతారు. ఆ వేషాలు క్లింగాన్లవి. స్టార్ ట్రెక్ అని 1966లో మొదలైన టీవీ సీరియల్ ఉంది. అందులో వేరే గ్రహానికి చెందిన యుద్ధవీరులు ఈ క్లింగాన్లు. 1967లో మొదటిసారి కనిపించినప్పుడు మొహానికి ముదురు రంగు పూసి, కనుబొమలు దిద్ది సరిపెట్టారు. 1979లో సినిమా తీసినప్పుడు నుదుటి మీద వెన్నుపూసల్లా ఎముకలు పొడుచుకొచ్చినట్టు చేశారు. ఇప్పుడు క్లింగాన్ అంటే ఆ నుదురే. దుర్యోధనుడంటే గదాయుధమూ, మీసమూ ఎలాగో అలా.

వాళ్ల పాటల్లో క్లింగాన్ భాష కూడా ఉంటుంది. అవును, ఆ వీరులకి ఒక భాష ఉంది. మార్క్ ఒక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త 1984లో వచ్చిన సినిమా కోసం దాన్ని తయారుచేశాడు. మరుసటి ఏడాది నిఘంటువు కూడా వేశాడు. అంతకుముందు ఆయన కాలిఫోర్నియాలో మాట్లాడేవాళ్లు ఎవరూ మిగలని ముత్సున్ అనే భాష వ్యాకరణం మీద పరిశోధన చేసినవాడు. ఆ మాట తెలిశాక నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది.

నా పక్కన అరవై దాటిన ఒకాయన నిలబడ్డాడు. ఆయనా వేషంలోనే వచ్చాడు. రబ్బరు నుదురు, భుజాలు దాటిన విగ్గు, కవచం. పాటకీ పాటకీ మధ్య నాకు మాటలు నేర్పాడు. క్లింగాన్‌లో ఒక డ ఉంది. నాలుక కొన పైకి లేపి అంగిలికి తగిలించి పలకాలి. మామూలు ఇంగ్లీషు డీ కాదు అని గుర్తుండటానికి దాన్ని ఎప్పుడూ పెద్దక్షరంతోనే రాస్తారు. అమెరికా వాళ్లకి అది సాధన చేస్తేగాని రాదు. 'డూజ్' అంటే ఓడ. నేను మన డబ్బాలో డ పలికినట్టు పలికాను. ఆయన కళ్లు పెద్దవి చేసి నా భుజం పట్టుకుని మళ్లీ అనమన్నాడు. మూడుసార్లు అనిపించుకున్నాడు. నీ పద్యానికి పందిట్లో వన్స్ మోర్ పడినప్పుడు ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలిసింది.

ఇంకోటి విను. ఆ భాషలో కర్మ ముందు, క్రియ తర్వాత, కర్త చివర. 'బిడ్డను చూసెను అధికారి' అన్నట్టు. ఇంగ్లీషు వాళ్లకి ఇది తలకిందులు. పద్యంలో ఎక్కడో చివర కూర్చున్న కర్తని వెతికి అన్వయం చెప్పమని నువ్వు నా చెవి మెలేసేవాడివి కదా, నాకు మాత్రం అది వింతగా అనిపించలేదు.

పాడేవాడు గొంతు చించుకుంటున్నాడని ముందు అనుకున్నాను. దగ్గర్నుంచి చూస్తే ఆ గర్జన పొత్తికడుపు నుంచి వస్తోంది. పెరట్లో నన్ను నిలబెట్టి, బొడ్డు కింద చెయ్యి పెట్టి "ఊపిరి ఇక్కణ్నుంచి రావాల్రా" అనేవాడివి, అది గుర్తొచ్చింది.

స్టోవోకోర్ అంటే ఏమిటో ఆయన్నే అడిగాను. గౌరవంగా చచ్చిపోయిన వీరులు వెళ్లే చోటు అన్నాడు. క్లింగాన్ వీరుడు పోతే పక్కనున్నవాళ్లు ఏడవరట. ఆకాశం వైపు మొహమెత్తి అరుస్తారు. ఒక వీరుడొస్తున్నాడు జాగ్రత్త అని పైనున్నవాళ్లకి హెచ్చరిక. మాకు దానికి వీరస్వర్గం అనే మాట ఎప్పటినుంచో ఉందని చెప్పాను. ధర్మరాజు అక్కడికి వెళ్లేసరికి దుర్యోధనుడు అప్పటికే సింహాసనం మీద కూర్చుని ఉంటాడనీ, మా తాతయ్య నలభై ఏళ్లుగా కట్టేది ఆ దుర్యోధనుడి వేషమేననీ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాటలయ్యాక బయట దీపం కింద నిలబడి ఆయన నుదురు ఊడదీసుకున్నాడు. అంచు దగ్గర గోటితో మెల్లగా లేపుతూ, చర్మం లాగకుండా, ఓపిగ్గా. అప్పుడొచ్చింది ఆ వాసన. మీసాలంటించే స్పిరిట్ గమ్, తాతయ్యా. నీ ట్రంకుపెట్టె మూత తీస్తే వచ్చే వాసన. రబ్బరు ఊడాక నుదుటి మీద అడ్డంగా ఎర్రటి గీత, తెల్లారుజామున నువ్వు ఇంటికొచ్చినప్పుడు కిరీటం ఒరుసుకుని ఉండేదే, అచ్చం అలాగే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నీకు ఒక మాట చెప్పాలి. ఇంటర్లో చేరాక నీ నాటకాలకి రావడం మానేశాను కదా. ఎంట్రన్స్ టెన్షన్ అన్నాను. అది అబద్ధం. ఫ్రెండ్స్ నిన్ను వేషంలో చూస్తారని సిగ్గుపడ్డాను. రాయబారం సీన్లో నువ్వు లేచి నిలబడితే శ్రీరామనవమి పందిరంతా నిశ్శబ్దమైపోయేది. దాన్ని వదులుకుని ఇంట్లో కూర్చున్నాను. నన్ను క్షమించు.

కొబ్బరినూనె రాస్తే గమ్ మంట లేకుండా వదులుతుందని ఆయనకి చెప్పాను, నువ్వు చేసేదే కదా. ఇంకోటి అడిగాడు, చెప్పలేకపోయాను. ముందు మీసం అంటిస్తావా, కిరీటం పెట్టుకుంటావా? చెమటకి మీసం జారకుండా ఏం చేస్తావు? వివరంగా రాయి. నీ చేతిరాతతోనే రాయి, నేను చదివి ఆయనకి చెబుతాను.

నానమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ మనవడు