సుబ్బారావు గారి మందు వారానికి ఒక్క రోజే

సంపాదకులకు,

ఏటా జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జయంతి వ్యాసాలు వస్తుంటాయి. భీమవరంలో పుట్టి, బోస్టన్ చేరి, లోకానికి మందులిచ్చినా నోబెల్‌కు నోచుకోని తెలుగువాడి కథగా అవి సాగుతాయి. ఆ అభిమానంలో తప్పులేదు. కానీ పిల్లల రక్త క్యాన్సర్ సంగతి వచ్చేసరికి ‘క్యాన్సర్‌ను నయం చేసే మెథోట్రెక్సేట్ కనిపెట్టారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క సరైంది కాదు. పైగా ఆ మందు ఈ రోజుకూ మన జిల్లాల్లో ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉంది. అది ఎలా పుట్టిందో సరిగా తెలిస్తే ఎలా వాడాలో, ఎక్కడ పొరపాటు పడతామో కూడా తెలుస్తుంది.

సుబ్బారావు వెతికింది క్యాన్సర్ మందు కోసం కాదు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని పొట్టనపెట్టుకుంది, ఆయననూ పట్టి పీడించింది. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. కాలేయంలో రక్తాన్ని పెంచే పదార్థమేదో ఉందని అప్పటికే తెలుసు. 1940లో అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాక ఆయన బృందం దాని వెంట పడి ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని తేల్చింది, కృత్రిమంగా తయారుచేసింది. 1946లో వెలువడిన ఆ పత్రంపై 16 మంది పేర్లున్నాయి, అందులో ఆయనదొకటి. ఆ మందు స్ప్రూకు పనిచేసింది. పెర్నీషియస్ అనీమియా అనే మరో రక్తహీనతలో మాత్రం రక్తం మెరుగుపడ్డా నరాల దెబ్బ ఆగలేదు. దానికి కావలసింది బి12 అని తర్వాత తేలింది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ యాసిడ్ కోవకు చెందిన పదార్థాలను లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి చూశారు. ఎముక మజ్జలో జబ్బు కణాలు తగ్గకపోగా ఇంకా చెలరేగినట్టు ఆయనకు కనిపించింది. ఈ విటమిన్ కణాలకు మేత అయితే, అచ్చం దానిలాగే ఉండి పనికి అడ్డుపడే దాన్ని ఇస్తే? సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అలాంటిదే. ఫోలిక్ యాసిడ్‌లో ఒక హైడ్రాక్సిల్ గుంపును తీసి ఎమైనో గుంపును పెట్టారు, తేడా అంతే. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు అణిగింది, అదీ తాత్కాలికంగానే. ఆ పత్రం రాసిన అయిదుగురిలో సుబ్బారావు లేరు. ఆ ఆగస్టులోనే 53 ఏళ్లకు కన్నుమూశారు.

కాబట్టి మొదట పనిచేసింది అమినోప్టెరిన్. దానికి మరో మిథైల్ గుంపు తగిలిస్తే మెథోట్రెక్సేట్. విషప్రభావాన్ని ముందే అంచనా కట్టడం తేలికని వైద్యులు తర్వాత దీన్నే ఎంచుకున్నారు. ఇక జబ్బు నయం కావడమన్నది ఒంటరి మందుతో జరగలేదు. 1960లలో అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం అనేక మందులను కలిపి, మెదడుకు, వెన్నుకు కూడా చికిత్స చేసి, రెండుమూడేళ్లపాటు కొనసాగించాకే సగం మంది పిల్లలు నిలిచారు. జయంతి వ్యాసంలో ఫార్బర్, పింకెల్ పేర్లకూ చోటిస్తే సుబ్బారావు గొప్పతనానికి వచ్చే లోటేమీ లేదు.

ఇప్పుడు ఇంటి సంగతి. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు ఆసుపత్రి చికిత్స ముగిశాక, జబ్బు తిరగబెట్టకుండా ఇంట్లో మందులు కొనసాగించే మెయింటెనెన్స్ దశ మొదలవుతుంది. అందులో 6-మెర్కాప్టోప్యూరిన్ అనే మరో మందు రోజూ, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేయాలి. మోతాదు వయసును బట్టి కాదు, శరీర ఉపరితలాన్ని బట్టి. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని హెచ్చించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తారు. 110 సెం.మీ. ఎత్తు, 18 కిలోల బరువున్న పాపకు అది 0.74 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 20 మి.గ్రా. లెక్కన సుమారు 15 మి.గ్రా., అంటే 2.5 మి.గ్రా. మాత్రలు ఆరు, ఒకే రోజున. పిల్ల ఎదిగేకొద్దీ లెక్క మారుతుంది కనుక, ఏడాది కిందటి చీటీ చూపించి మందు కొనడం మోతాదు తగ్గించడమే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 500 నుంచి 1500 మధ్య ఉండేలా వైద్యులు మందును సర్దుతుంటారు. లెక్క బాగా ఎక్కువగా ఉంటే సంతోషించాల్సిన పనిలేదు, మందు చాలడం లేదనో సరిగా వేయడం లేదనో అనుమానించాలి.

ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది, వారం మందును రోజూ వేయడం. చీటీ మీద ఇంగ్లిషులో రాసిన సంక్షిప్తం అర్థం కాకనో, షాపులో నోటిమాటగా ‘రాత్రికి వేయండి’ అన్నందుకో, తాతయ్య, అమ్మమ్మలు చూసుకునే రోజున చేయి మారినందుకో ఇది జరుగుతుంది. నోటిపూత, విరేచనాలు, ఆ తర్వాత కణాలన్నీ పడిపోవడం, ఇదీ వరస. రెండో తప్పు మాత్ర బలం ఎన్ని మి.గ్రా. అని చూడకపోవడం. 2.5 అనుకుని 10 మి.గ్రా. స్ట్రిప్ నుంచి ఆరు మాత్రలు వేస్తే నాలుగింతలు. ఒక ఇంట్లో ఒకే బలం ఉంచాలి, మందు కవరు మీద ‘ఆదివారం మాత్రమే’ అని రోజు పేరు తెలుగులో రాయించుకోవాలి. మాత్రలు నూరేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి.

ఫోలిక్ యాసిడ్ చిక్కు ఇక్కడే మళ్లీ ఎదురవుతుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే పెద్దలకు వైద్యులు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. అది చూసి లుకేమియా పిల్లలకు కూడా ‘రక్తం పడుతుంది’ అని టానిక్కులు పోస్తారు. బడిలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలకు వారానికొకటి ఇచ్చే గులాబీ మాత్రలో ఇనుము 45 మి.గ్రా.తో పాటు ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు ఉంటుంది. చికిత్సలో ఉన్న పిల్లలు చికిత్స చేసే వైద్యుణ్ని అడగకుండా అది మింగకూడదు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువై ఉండొచ్చు. సికిల్ సెల్ (కొడవలి కణాల రక్తహీనత) ఉన్న పిల్లలకు మాత్రం ఇదే ఫోలిక్ యాసిడ్ మామూలుగా రాసే మందు. పక్కింటి పాపకు మంచిదైంది మన పాపకూ మంచిదని అనుకోలేం.

మోతాదు ఎక్కువైందని తెలిసినప్పుడు కూడా ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు విరుగుడు కావు. మెథోట్రెక్సేట్ మూసేసేది ఫోలిక్ యాసిడ్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమునే. తలుపు మూసి ఉన్నప్పుడు బయట ఎన్ని బస్తాలు దింపినా లోపలికి చేరవు. ఆ తలుపు అవతలే ఉండే రూపం ఫోలినిక్ యాసిడ్, షాపులో ల్యూకోవొరిన్ అంటారు. అదే విరుగుడు, గంటలు గడిచేకొద్దీ దాని పని తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో అది ఉంది. నగరంలోని క్యాన్సర్ ఆసుపత్రికి చేరేలోపే మొదటి మోతాదు పడేలా ప్రతి జిల్లా ఆసుపత్రి ఫార్మసీలో ల్యూకోవొరిన్ నిల్వ ఉంచాలని రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
పిల్లల రక్తవ్యాధుల విభాగాల్లో పనిచేసే వైద్యులు, ఫార్మసిస్టులు