తూకానికి వేసే ముందు విప్పి చూడండి

సంపాదకులకు,

పర్లాకిమిడిలో పాత ఇళ్లు పడగొట్టిన చోటల్లా తలుపుల తాళాలు ఇత్తడి తూకానికి పోతున్నాయి. తాళంచెవి పోయిందనో, బిగుసుకుందనో పీకేస్తున్నారు. రెండూ బాగుచేయగలిగినవే.

వానాకాలంలో బిగుసుకుంటే ముందు తాళాన్ని అనుమానించకండి. తలుపు తెరిచి ఉంచి చెవి తిప్పండి. గడియ హాయిగా ఆడితే తాళంలో దోషం లేదు. చెక్క ఉబ్బింది, లేదా తలుపు వాలి గడియ ద్వారబంధం రేకుకు తగులుతోంది. గడియకు దీపం మసి రాసి మూస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో రేకు మీద కనిపిస్తుంది. అంతమేర ఆకురాయితో అరగదీస్తే చాలు.

అప్పటికీ తిరగకపోతే మూత మరలు విప్పాలి. లోపల చెవి పళ్లు పైకి లేపే పలుచని పలకలే లీవర్లు. వాటిని తీసేముందు ఫొటో తీసుకోండి. వరుస మారితే సరైన చెవి కూడా పనిచేయదు. ప్రతి లీవరుకూ ఒక గాడి ఉంటుంది, గాడులన్నీ ఒకే తీరున నిలిస్తేనే గడియకున్న మేకు జారుతుంది. ఒక్క లీవరు ఎక్కువ లేచినా, తక్కువ లేచినా కదలదు. ఇంగ్లండులో రాబర్ట్ బారన్ 1778లో పేటెంటు పొందిన ఏర్పాటిది.

వీటికి అసలు శత్రువు కొబ్బరినూనె. దుమ్ముతో కలిసి జిగురవుతుంది, చలికాలం రాత్రుళ్లు గడ్డకడుతుంది. లీవరును కిందికి దించే బలం స్ప్రింగుకు చాలదు. కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిల్ ములుకు పొడి చిటికెడు చల్లండి. మళ్లీ నూనె వద్దు.

అరిగిన చెవికి మిషను మీద నకలు తీయించవద్దు, అరుగుదల కూడా నకలవుతుంది. మూత తీసి, పళ్లు కొయ్యని కొత్త చెవి పెట్టి, ఒక్కో లీవరు గాడి మేకుకు ఎదురయ్యేదాకా ఆ పన్నును కొద్దికొద్దిగా అరగదీయాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే లీవరు అందదు, ఆ చెవి వృథా. అప్పుడు కొందరు తొందరలో లీవరు గాడినే వెడల్పు చేస్తారు. అది ఘోరం. దగ్గరదగ్గర కొలతున్న ఏ చెవికైనా ఆ తాళం లొంగిపోతుంది.

ఐటీఐల్లో ఫిట్టర్లకు ఆకురాయి పట్టడం ఎలాగూ నేర్పుతారు. పాత తాళం ఒకటి విప్పి బిగించే పని కూడా వాళ్లచేత చేయించాలని అధ్యాపకులను కోరుతున్నాం. ఇళ్లు కూల్చేవారు తాళంతో పాటు దాని మరలు కూడా దాచండి. పాత మరల చుట్లకు ఇప్పటి మెట్రిక్ మరలు సాధారణంగా సరిపడవు.

– తాళాల మరమ్మతు పనివారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా