పెద్దత్త చెప్పిన కబురు గురించి

ప్రియమైన బాబుకు, ప్రభువు నామమున శుభములు.

నీ నుంచి ఉత్తరం ముక్క వచ్చి మూడు నెలలు దాటింది. నీ దగ్గు తగ్గిందో లేదోనని అమ్మ బెంగ పెట్టుకుంది. ప్రసంగానికి ముందు గోరువెచ్చని నీళ్లు తాగడం మానకు. మొన్న పెద్దత్త ఫోనులో, నువ్వు ఆరాధనలో ఒక ఎన్నికల అభ్యర్థిని పక్కన నిలబెట్టుకుని ‘దేవుడు ఏర్పరచుకున్న నాయకుడు’ అని పరిచయం చేశావని చెప్పింది. ఆవిడ మాటల్లో సగం తీసేసి వినడం మనకు అలవాటే గానీ, మిగిలిన సగానికే నాకు నిద్ర పట్టలేదు.

సంఘం రాజకీయాలు మాట్లాడకూడదని నేను అనను. కార్మికులకు న్యాయమైన కూలి దక్కాలని పదమూడవ లియో పోపు 1891లోనే లేఖ రాశారు. ఎల్ సాల్వడార్‌లో అణచివేత ఆపమని సైనికులను వేడుకున్న మరునాడే, 1980 మార్చి 24న, ఆర్చిబిషప్ రొమేరోను దివ్యబలిపూజలో ఉండగా కాల్చి చంపారు. అయితే జర్మనీలో హిట్లర్‌ను దేవుడే పంపాడని చెప్పినవాళ్లూ బైబిలు పట్టుకున్నవాళ్లే. వాళ్లను ఎదిరిస్తూ 1934లో బార్మెన్‌లో వెలువడిన ప్రకటనలో ముఖ్యభాగం వేదాంతి కార్ల్ బార్త్ రాశారు. అంత ధైర్యమైన ప్రకటనలోనూ యూదుల ఊసే లేదు. బైబిలులో అధికారులకు లోబడమనే రోమా పత్రిక 13వ అధ్యాయం చదివిన రోజున, రాజ్యాన్ని క్రూరమృగంగా చూపే ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం కూడా చదవమని నీకు ఎన్నిసార్లు చెప్పాను! చూశావా, ఉపదేశం వద్దనుకుంటూనే మొదలుపెట్టాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మూడో తరగతిలో ఉండగా, మందిరం కప్పు వేయిస్తానన్న అభ్యర్థిని నేనూ పుల్పిట్ ఎక్కించాను. రెండు నిమిషాలని చెప్పి పావుగంట మాట్లాడాడు. చివరికి నేనే అతని తలమీద చెయ్యి పెట్టి, గెలిపించమని ప్రార్థించాను. కళ్లు తెరిచేసరికి పాటల మాస్టారు పుస్తకం మూసి బల్లమీద పెట్టి, భార్యతో కలిసి బయటికి నడుస్తున్నారు. రెండు వారాలు చూసి వాళ్లింటికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. “అయ్యగారూ, నేను అవతలి మనిషికి ఓటేశాను. ప్రభు బల్లకు రావచ్చునా?” అని అడిగారు. రొట్టె, ద్రాక్షారసం అందుకోవడానికి రావచ్చునని వెంటనే అన్నాను గానీ, నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు. ఆయన మళ్లీ రాలేదు. కప్పు మాత్రం గట్టిగా వేయించారు. ఇప్పటికీ ఎంత వానకైనా చుక్క కారదు.

కళ్లద్దాలు మార్పించుకున్నావా? ఆదివారం ప్రసంగం నకలు పంపించు. పెద్దత్త మాటల్లో ఏ సగం నిజమో నువ్వే ఫోను చేసి చెప్పు. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

నీ నాన్న