బౌన్ స్ట్రీట్ పేరు వెనకాల కథ కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికాలో మన గుళ్ళ వార్తలు మీ పేపర్లో బాగానే వేస్తారు, కుంభాభిషేకం, కళ్యాణం, ఎంతమంది వచ్చారు అని, తప్పనను. కానీ ఆ గడ్డ మీద ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోడానికి ఎవరు జైలుకెళ్ళారో కూడా మనవాళ్ళకి తెలియాలి కదండీ.

పోయినేడు మా అమ్మాయి దగ్గరకెళ్తే న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణేశ్ టెంపుల్‌కి తీసుకెళ్ళింది. దర్శనమయ్యాక కింద క్యాంటీన్‌లో దోశ తిని బయటికొస్తే వీధి బోర్డు మీద బౌన్ స్ట్రీట్ అనుంది, ఎవరమ్మా ఈ బౌన్ అంటే తనకీ తెలీదు, పదేళ్ళుగా వస్తోంది ఆ గుడికి. అదే వీధిలో కాస్త నడిస్తే ఆయన ఇల్లు ఇంకా ఉంది, పాతకాలం చెక్క ఇల్లు.

అప్పట్లో ఆ ఊరు డచ్చివాళ్ళ కింద ఉండేది. క్వేకర్లని ఓ క్రైస్తవ శాఖవాళ్ళుండేవాళ్ళు, వాళ్ళకి ఎవరూ చోటివ్వకూడదని గవర్నర్ స్టైవెసాంట్ ఆర్డరేశాడు. 1657 డిసెంబర్‌లో ఊళ్ళో ఓ 30 మంది కలిసి మేమలా చెయ్యలేమని అర్జీ రాసిచ్చారు, సంతకం రానివాళ్ళు గుర్తులు పెట్టారు, పైగా వీళ్ళు క్వేకర్లు కానే కాదు! తమది కాని మతం కోసం నిలబడ్డారు, అందులో యూదుల్నీ తురుష్కుల్నీ కూడా కలిపి రాశారు, నాకు కళ్ళనీళ్ళు తిరిగింది అక్కడే. ఊరి క్లర్కు ఎడ్వర్డ్ హార్ట్‌ని జైల్లో పెట్టారు.

1662లో జాన్ బౌన్ తన ఇంట్లో క్వేకర్లని ప్రార్థన చేసుకోనిచ్చాడని పట్టుకెళ్ళారు, ఫైన్ కట్టనన్నాడు, దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆయన ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్ళి ఆ వలసని నడిపే డచ్ వెస్టిండియా కంపెనీ పెద్దల దగ్గరే వాదించుకున్నాడు, 1663లో వాళ్ళు గవర్నర్‌కి ఇక జనాన్ని వేధించొద్దని ఉత్తరం రాశారు. వలస వచ్చేవాళ్ళు ఆగిపోతారన్న లెక్క కూడా ఉందిలెండి అందులో.

అదే రోజుల్లో బోస్టన్‌లో, తమ మతం కోసం ఇంగ్లండ్ వదిలొచ్చిన ప్యూరిటన్లే 1660లో మేరీ డయ్యర్ అనే క్వేకర్ ఆవిణ్ణి ఉరి తీశారు. వెళ్ళగొట్టినా మళ్ళీ వచ్చిందని!

ఈ కథ మీ ఆదివారం పిల్లల పేజీలో వెయ్యండి, అక్కడి గుడి గురించి రాసినప్పుడల్లా ఆ ఇంటి సంగతి ఒక్క లైనైనా కలపండి. గుడీ ఇల్లూ రెండిటి ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి, అడిగితే పంపిస్తాను.

ఒక పాఠకురాలు,
తెనాలి