సిటీ బస్సులో పక్క సీటు పెద్దాయనకు

మీ పేరు అడగడం మర్చిపోయాను, అందుకే ఇలా రాస్తున్నాను. ఊరికి కొత్తగా వచ్చి, ఫోన్‌లో హోటళ్ల జాబితా పట్టుకుని తికమకపడుతుంటే చూసి నవ్వారు మీరు. "ఎక్కడ బాగుంటుందని అడక్కు బాబూ, అందరూ పేరున్నదే చెప్తారు. మీరు రోజూ ఎక్కడ తింటారని అడుగు" అన్నారు.

అదే మాట లాడ్జి వాచ్‌మన్‌ని అడిగాను. మెయిన్‌రోడ్డు వదిలి రెండు సందులు లోపలికి పంపాడు. బోర్డు కూడా లేదు. నాలుగు బల్లలు, పలక మీద సుద్దతో రాసిన మూడే రకాలు, చోటు కోసం నిలబడ్డ ఆఫీసు జనం. వండింది వండినట్టే అయిపోతోంది, ఇక చల్లారేదెప్పుడు? ముందురోజు స్టేషన్ ఎదుట పది పేజీల మెనూ చూసి మోసపోయిన సంగతి ఇక్కడ వద్దులెండి.

చాలా మ్యూజియాలకు వారంలో ఒకరోజు సెలవని, ముందే కనుక్కోమని చెప్పిందీ మీరే. నేను సరిగ్గా ఆ సెలవురోజే బయల్దేరబోయాను! కొండమీదికి మాత్రం తెల్లవారుతుండగానే వెళ్లాను. మెట్ల మీద నేనూ, ఒక కుక్కా, అంతే.

చాలా థాంక్సండీ. మళ్లీ ఆ బస్సెక్కితే మీకోసం కిటికీ సీటు ఆపి ఉంచుతాను.